కాలము చెల్లిన నోటు

(ఆదికాండము 35:1–7, కొలొస్సయులకు 2:13–14, యోహాను 21:15–17 చదువుము.)



కొన్ని సంవత్సరముల క్రిందట ఒకనాటి సాయంకాలము మా సంఘములోని ఒక సహోదరుడు నాయొద్దకు వచ్చెను. ప్రార్థనకు గంట కొట్టుటకు ఇంకను వేళ యుండెను. అతడు అరుగుమీద కూర్చుండి, చాలసేపు వానలను గూర్చియు పంటలను గూర్చియు మాటలాడి, కడపట తాను వచ్చిన పని చెప్పెను. మిరపతోట పెట్టుబడికై అతడు అదే ఊరి విధవరాలైన ఒక సహోదరియొద్ద 60,000 రూపాయలు అప్పు తీసికొని నోటు వ్రాసి యిచ్చియుండెను. ఆమె తన గేదెలను అమ్మి కూడబెట్టుకొనిన సొమ్ము అది. తోట తెగులుతో పోయెను. ఆమె రెండు మూడు మారులు అడిగి ఊరకుండెను. నోటు వ్రాసి మూడు సంవత్సరములు దాటిపోయెను.

"అయ్యగారూ, నోటుకు కాలదోషం పట్టిందట. ఇక ఆమె కోర్టుకు వెళ్లినా ఏమీ రాదని వకీలుగారు చెప్పారు. ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దని కూడా చెప్పారు. ఇప్పుడు నేను అప్పున్నట్టా, లేనట్టా?" అని అతడు నన్ను అడిగెను.

నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. అప్పు తీర్చవలెనని బోధించుట సులభమే. అయితే అతని యింటి స్థితి నేనెరుగుదును. పిల్లల చదువులు, తల్లి జబ్బు, ఇంకను రెండు చోట్ల అప్పులు. చట్టము తెరచిన తలుపును కాపరి మూయవచ్చునా? మూయకపోయినయెడల ఆ విధవరాలికి నేనేమి చెప్పగలను? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ ప్రశ్న అతనికి మాత్రమే గాక మనలో అనేకులకు చెందినదని తెలిసికొనినందున దానిని మీ యెదుట పెట్టుచున్నాను. గతించిన దినములలో ఇచ్చిన మాటకు కాలము చెల్లిన తరువాత, ఎవరును బలవంతము చేయలేనప్పుడు, ఆ మాటను మరల మనదని ఒప్పుకొనవలెనా?

మొదట చట్టము ఏమనుచున్నదో చూతము. మన దేశపు 1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టమునుబట్టి, అడిగినప్పుడు చెల్లించెదనని వ్రాసిన నోటుమీద మూడు సంవత్సరములలోగా దావా వేయవలెను. ఆ గడువులోగా ఋణస్థుడు బాకీ యున్నదని వ్రాసి సంతకము చేసినను, కొంత సొమ్ము ఇచ్చి నోటు వెనుక చెల్లు వ్రాసి సంతకము పెట్టినను, ఆ దినమునుండి క్రొత్త గడువు మొదలగును. అందుచేతనే మన పల్లెలలో అప్పిచ్చినవారు మూడవ యేడు నిండకమునుపే వచ్చి నోటు తిరుగ వ్రాయుమని అడుగుచుందురు. గడువు దాటినయెడల న్యాయస్థానపు తలుపు మూయబడును. గాని అప్పు లేదని చట్టము చెప్పదు. వసూలు చేయు దారిని మాత్రమే అది మూసినది, అప్పును చంపలేదు.

ఇంతకంటె ఆలోచింపదగిన సంగతి మరియొకటి కలదు. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము 25వ సెక్షను ప్రకారము, బదులుగా ఏమియు పుచ్చుకొనక చేసిన వాగ్దానము సాధారణముగా చెల్లదు. అయితే కాలదోషము పట్టిన అప్పును తీర్చెదనని ఋణస్థుడు వ్రాసి సంతకము చేసినయెడల ఆ వాగ్దానము చెల్లును. క్రొత్తగా ఒక్క రూపాయియైనను అతని చేతికి రాలేదు. అయినను మునుపు పొందిన మేలే ఈ క్రొత్త మాటకు చాలిన ఆధారమని చట్టము ఒప్పుకొనుచున్నది. వకీలు సంతకము పెట్టవద్దని చెప్పుటకు కారణమిదే. తన కక్షిదారుని కాపాడుట అతని పని. అతనిని నేను తప్పు పట్టను.

ఇక దివాలా సంగతి. మన జిల్లాలలో "ఐ.పి. పెట్టినాడు" అను మాట ఎరుగనివారు అరుదు. అప్పులు తీర్చలేనివాడు న్యాయస్థానములో దివాలా అర్జీ పెట్టుకొనెనని దాని అర్థము. అమెరికా దేశములో ఈ విషయమై 1978లో చేసిన చట్టమొకటి కలదు. అక్కడ న్యాయస్థానము ఋణస్థునికి విడుదల ఇచ్చిన తరువాత, ఆ విడుదలలో చేరిన అప్పులను గూర్చి ఋణదాత అతనిని ఒత్తిడి చేయకూడదు. అయితే విడుదల దొరకకమునుపే ఋణస్థుడు, "ఈ యొక్క అప్పును మాత్రము నేను విడువను, దీనిని తీర్చెదను" అని తిరిగి ఒప్పుకొనవచ్చును. తమ కారును నిలుపుకొనగోరువారు తరచుగా అట్లు చేయుదురు. దానిని మనము పునరంగీకారమని పిలువవచ్చును.

పూర్వము అక్కడ ఇట్టి మాట సులభముగా చెల్లుచుండెను. అందువలన అప్పిచ్చినవారిలో కొందరు దిక్కుమాలినవారిని భయపెట్టియు ఆశపెట్టియు పాత అప్పును తిరిగి వారి మెడకు కట్టుచుండిరి. కాబట్టి 1978వ సంవత్సరపు చట్టము దానిచుట్టు కంచె వేసెను. ఆ ఒప్పందము వ్రాతమూలముగా న్యాయస్థానములో దాఖలు కావలెను. ఋణస్థుడు తెలిసి, తన యిష్టపూర్వకముగా దానిని చేయవలెను. అది అతనిమీదను అతని కుటుంబముమీదను మోయరాని భారము కాకూడదు. అతని పక్షమున వకీలు లేనియెడల న్యాయాధిపతియే విచారించి ఆమోదింపవలెను. అటుపిమ్మటకూడ, విడుదల ఉత్తరువు వచ్చువరకైనను, దాఖలు చేసిన తరువాత 60 దినములు గడుచువరకైనను, ఈ రెంటిలో ఏది ఆలస్యమైన అంతవరకు, అతడు మనస్సు మార్చుకొనవచ్చును. ఇన్ని కట్టుబాట్లు పెట్టిన ఆ చట్టమే ఒక చిన్న వాక్యములో మరియొక సంగతి చెప్పుచున్నది: ఏ ఒప్పందము లేకయే, ఎవరి బలవంతము లేకయే, రద్దయిన అప్పును ఎవడైనను తన యిష్టముచొప్పున తీర్చుకొనవచ్చును. దానికి ఆటంకము లేదు.

ప్రియులారా, ఆ చిన్న వాక్యమునుగూర్చి కొంచెము ఆలోచింపుడు. చట్టము కట్టగలిగినంతవరకు కట్టి, విప్పగలిగినంతవరకు విప్పి, ఒక చోట నిలిచిపోవుచున్నది. అక్కడ మనుష్యుడు తన మాటతో ఒంటరిగా మిగులును.

అట్లు మిగిలిన ఒకనిని గూర్చి చెప్పెదను. మార్క్ ట్వేన్ అను అమెరికా రచయిత స్థాపించిన ప్రచురణ వ్యాపారము 1894లో దివాలా తీసెను. అచ్చు అక్షరములు కూర్చు ఒక యంత్రముమీద పెట్టిన విస్తారమైన సొమ్ముకూడ పోయెను. దివాలా ఏర్పాటుచొప్పున కొంత చెల్లించి తప్పించుకొనుటకు అతనికి వీలుండెను. అతడు అట్లు చేయక, అరువది యేండ్లు సమీపించిన వయస్సులో, 1895లో దేశములు తిరిగి ఉపన్యాసములు చేయుటకు బయలుదేరెను. 1896 ఆరంభములో మన హిందూదేశమునకును వచ్చి, బొంబాయి మొదలుకొని అనేక పట్టణములలో మాటలాడెను. 1898 నాటికి తన ఋణదాతలందరికి పూర్తిగా చెల్లించెను. ఇతడు భక్తిగల క్రైస్తవుడు కాడు. మతవిషయములను ఎగతాళి చేసినవాడు. ఆదివారమున ముందు బల్లలమీద కూర్చుండి, సోమవారమున అప్పిచ్చినవాని వీధి తప్పించి నడుచు మనము, ఆ అవిశ్వాసియెదుట ఏ ముఖముతో నిలువగలము?

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరము. మార్క్ ట్వేనునకు పేరుండెను. అతని మాటలు వినుటకు జనులు రుసుము ఇచ్చి వచ్చిరి. అప్పుల బాధతో ప్రాణము తీసికొన్న మన రైతులకు అట్టి దారి లేకపోయెను. పోగొట్టుకొనినవాడు వేరు, దాచుకొని లేదనువాడు వేరు. మోయలేని భారము క్రింద పడినవానికి చట్టమిచ్చు విడుదల దొంగతనము కాదు, అది కనికరము. దేవుడే తన ప్రజలమధ్య అట్టి కనికరమును నియమించెను. ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయము చదువుము. ఏడేండ్లకొకసారి అప్పులు విడిచిపెట్టవలెను. ఆ సంవత్సరము సమీపించినదని చూచి బీదవానికి అప్పియ్యక చెయ్యి ముడుచుకొనుట పాపము. దివాలా తీసినవానిని చూచి పెదవి విరుచువారు ఈ అధ్యాయమును మరచినవారు.

కాబట్టి నేను కనుగొనిన జవాబు ఇది. చట్టము ఋణస్థుని భయమునుండి విడిపించును. జప్తు భయము, జైలు భయము, నలుగురిలో అవమానము, వీటినుండి విడిపించుట మంచిదే. గాని పొరుగువానినుండి అతనిని విడిపింపలేదు. ఆ విధవరాలు ఇంకను అదే వీధిలో నివసించుచున్నది. ఆమె గేదెలు తిరిగి రాలేదు. తీర్చు శక్తి లేనివాడు తీర్చలేకపోవుటవలన అపరాధి కాడు; ఆమె ఎవరో తనకు తెలియనట్టు నడుచుకొనుటవలన అపరాధి యగును. భక్తిహీనుడు అప్పుచేసి తీర్చకుండునని 37వ కీర్తనకారుడు చెప్పినప్పుడు వట్టి బీదవానిని గూర్చి చెప్పలేదు. తీర్చు మనస్సు లేనివానిని గూర్చి చెప్పెను. తనకు నష్టము కలిగినను మాట తప్పనివాడు దేవుని గుడారములో నివసించునని 15వ కీర్తన చెప్పుచున్నది. పది రూపాయలు చేతిలో లేనివాడును ఈ కీర్తనను నెరవేర్పగలడు. "అమ్మా, నీ సొమ్ము నాయొద్ద నున్నది, నేను మరువలేదు" అని ఆమె గుమ్మములో నిలిచి చెప్పుటకు సొమ్ము అవసరము లేదు.

ఇప్పుడు, చదువరీ, మన విశ్వాసము సంగతికి వత్తము.

నీవు బాప్తిస్మము పొందిన దినమున, లేక చిన్నతనమున నీ తలిదండ్రులు నీ పక్షమున ఇచ్చిన మాటను స్థిరీకరణ దినమున నీదని ఒప్పుకొనినప్పుడు, నీవొక మాట ఇచ్చితివి. వివాహ దినమున ఇంకొకటి ఇచ్చితివి. బిడ్డ చావుబ్రదుకులలో నున్నప్పుడు మంచముప్రక్కను మోకరించి మరియొకటి ఇచ్చితివి. బిడ్డ బ్రదికెను, మాట అరలో పాత కాగితములమధ్య పడియున్నది. ఎవడును దావా వేయలేదు. దేవుడును ఊరకున్నట్టు కనబడెను. ఆయన మౌనమును మనము కాలదోషమనుకొంటిమి.

యాకోబు సంగతి అట్టిదే. అన్నకు భయపడి పారిపోవుచు బేతేలులో రాతిని తలగడగా పెట్టుకొని పండుకొనినప్పుడు అతడు మ్రొక్కుకొనెను. దేవుడు తనకు అన్నవస్త్రములిచ్చి క్షేమముగా తిరిగి తెచ్చినయెడల యెహోవాయే తన దేవుడగుననియు, ఆ రాయి దేవుని మందిరమగుననియు, వచ్చినదానిలో పదియవవంతు చెల్లించెదననియు చెప్పెను. లాబానుయొద్ద ఇరువది యేండ్లు గడిచెను. చేతికఱ్ఱతో వెళ్లినవాడు రెండు గుంపులై తిరిగి వచ్చెను. కాని బేతేలుకు వెళ్లలేదు. సుక్కోతులో ఇల్లు కట్టుకొనెను. షెకెమునొద్ద పొలము కొనెను. బేతేలు అక్కడికి ఎంతో దూరము కాదు. అడుగు దూరములో మ్రొక్కుబడిని ఉంచుకొని అతడు పొలము కొనుక్కొని స్థిరపడెను. షెకెములో అతని కుమార్తెకు అవమానము కలిగి, కుమారులు రక్తము చిందించి, ఇల్లు కలవరపడిన తరువాతనే, లేచి బేతేలుకు వెళ్లుమని దేవుడు అతనితో చెప్పెను.

దేవుడు ఏమి అడుగలేదో గమనింపుము. ఇన్ని యేండ్ల పదియవవంతు ఎంతయైనదని లెక్క అడుగలేదు. వడ్డీ కట్టలేదు. లేచి అక్కడికి వెళ్లి నివసించి బలిపీఠము కట్టుమనెను, అంతే. యాకోబు తన యింటివారియొద్దనున్న అన్యదేవతలను తీసికొని షెకెము దగ్గర చెట్టుక్రింద పాతిపెట్టి బయలుదేరెను. మాటను తిరిగి ఒప్పుకొనుట అనగా ఇదియే. మొదట మాట ఇచ్చిన చోటికి, మధ్యకాలమందు చేర్చుకొనినవాటిని విడిచిపెట్టి, తిరిగి వెళ్లుట.

ఇక్కడనే మనము దారి తప్పు ప్రమాదమున్నది. అప్పునకును విశ్వాసమునకును పోలిక యున్నదని చెప్పితిని. భేదము దానికంటె గొప్పది. కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో అపొస్తలుడు మన నోటునుగూర్చి మాటలాడుచున్నాడు. అక్కడ అతడు వాడిన గ్రీకు మాటకు ఋణస్థుడు తన చేతితో వ్రాసియిచ్చిన పత్రమని అర్థము. ఆ పత్రమును క్రీస్తు తుడిచివేసి, సిలువకు మేకులతో కొట్టి, అడ్డములేకుండ తీసివేసెను. అది కాలదోషము పట్టిన నోటు కాదు. గడువు దాటినందున దేవుడు వసూలు చేయలేకపోలేదు. అది చెల్లింపబడిన నోటు. కాబట్టి, "ప్రభువా, ఇకమీదట మంచిగా నడుచుకొని నా పాపముల బాకీ తీర్చుకొందును" అని నీవు వ్రాయబూనిన క్రొత్త నోటు భక్తి కాదు. సిలువమీది పత్రమును ఊడదీసి మరల సంతకము పెట్టుటయే అది.

మత్తయి 18వ అధ్యాయములోని దాసుడు ఇందులోనే తప్పిపోయెను. అతడు పదివేల తలాంతులు అచ్చియుండెను. రాజుయెదుట సాగిలపడి గడువు అడిగెను, అంతయు చెల్లించెదననెను. రాజు గడువు ఇయ్యలేదు, అప్పునే క్షమించెను. అయితే ఆ దాసుడు తన చెవులతో గడువు అను మాటనే వినెనేమో అని నాకు తోచుచుండును. ఇంకను తీర్చవలసినవానివలెనే అతడు బయటికి వెళ్లి, నూరు దేనారములు అచ్చియున్న తోటిదాసుని గొంతు పట్టుకొనెను. క్షమాపణను గడువుగా ఎంచుకొనినవాడు తన యింటివారిని, కూలివారిని, సంఘస్థులను ఇట్లే గొంతు పట్టుకొనును. మన సంఘములలో కాఠిన్యము ఎక్కడనుండి వచ్చుచున్నదని అడుగుదువా? చాలమట్టుకు ఇక్కడనుండియే.

అట్లయితే మనము తిరిగి ఒప్పుకొనవలసినదేమి? పేతురు మనకు నేర్పును. ప్రధానయాజకుని యింటి ముంగిట బొగ్గుల మంటయొద్ద చలి కాచుకొనుచు అతడు ప్రభువును ఎరుగనని మూడుమారులు బొంకెను. పునరుత్థానమైన తరువాత సముద్రతీరమున మరియొక బొగ్గుల మంట కనబడెను. దానిని సిద్ధపరచినవాడు ప్రభువే. అక్కడ ఆయన, ఎందుకు బొంకితివని పేతురును అడుగలేదు. ఇక ఎన్నడును బొంకనని వ్రాసిమ్మనలేదు. ప్రేమను గూర్చి మూడుమారులు అడిగెను. మూడవమారు పేతురు నొచ్చుకొనెను. ఆ నొప్పి లేకుండ పాత మాట క్రొత్తది కాదు. అడిగిన ప్రతిమారును ప్రభువు అతని చేతికి గొఱ్ఱెలను అప్పగించెను. తనకు చెల్లింపవలసినదానిని మందకు చెల్లింపుమని చెప్పినట్టున్నది. ఒకనినొకడు ప్రేమించుట అను అప్పు తప్ప మరేదియు ఉండకూడదని పౌలు రోమీయులకు వ్రాసినది ఈ అప్పునుగూర్చియే. దీనికి మాత్రము కాలదోషము లేదు, రద్దును లేదు.

ఇట్టి పునరంగీకారమునకు కంచె అవసరము లేదా? అవసరమే. బలవంతముగాను, ఆవేశముగాను, ఆశచేతను ఇచ్చిన మాట నిలువదు. మన తెలుగు సంఘముల చరిత్రలోనే దీనికి దృష్టాంతము కలదు. 1876–78 సంవత్సరముల గొప్ప కరవులో ఒంగోలు మిషనరీయైన జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంతభాగము గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి పని కల్పించెను. అనేకులు బాప్తిస్మము అడిగిరి. అన్నముకొరకు వచ్చుచున్నారేమో అని భయపడి ఆయన బాప్తిస్మములు నిలిపివేసెను. కరవు సాయము ముగిసిన తరువాతను జనులు అడుగుట మానలేదు. అప్పుడు విచారించి చేర్చుకొనగా, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆకలి తీరిన తరువాతకూడ నిలిచిన మాటనే ఆయన మాటగా ఎంచెను. మేళ్లు నిలిచిపోయిన తరువాత, కన్నీళ్లు ఆరిన తరువాత, పండుగ పాటలు ముగిసిన తరువాత నీవు చెప్పు మాటయే నీ మాట.

మరియొకటి. నెహెమ్యా గ్రంథము 10వ అధ్యాయములో యెరూషలేమువారు తమ నిబంధనను వ్రాసి ముద్రవేసినప్పుడు, "దేవుని ప్రేమించెదము" అని మాత్రము చెప్పి ఊరకుండలేదు. విశ్రాంతిదినమున సరకులు కొనమనిరి. మందిరపు సేవకై ఏటేట తులము వెండిలో మూడవవంతు ఇచ్చెదమనిరి. బలిపీఠమునకు కట్టెలు ఎవరి వంతుచొప్పున వారు తెచ్చెదమనిరి. ఏడవ సంవత్సరమున బాకీదారుల అప్పులు విడిచిపెట్టెదమనిరి. చూచితివా? దేవునితో తమ నోటు తిరుగ వ్రాసికొనుచు, పొరుగువాని నోటును చేతినుండి జారవిడిచిరి. అదే గ్రంథము 5వ అధ్యాయములో, తమ సహోదరుల పొలములను తాకట్టు పట్టినవారు వాటిని తిరిగి యిచ్చిన తరువాతనే ఈ నిబంధన జరిగెను. అప్పులిచ్చు స్థితిలోనున్న సంఘపెద్దలు ఈ రెండు అధ్యాయములను ఒకేచోట కూర్చుండి చదువవలెనని నా మనవి.

ఒకమారు ఇచ్చిన మాటను మరల మరల ఎందుకు ఇయ్యవలెనని కొందరు అడుగుదురు. మాట చచ్చినందున కాదు, మనము మరచువారము గనుక. 1755 ఆగస్టు 11వ తేదీన జాన్ వెస్లీ లండనులో తన సంఘస్థులను కూర్చి, దేవునితోడి నిబంధనను అందరును కలిసి తిరిగి ఒప్పుకొను ఆరాధన జరిపెను. ఆ సంప్రదాయమునుండి వచ్చిన సంఘములు అనేకచోట్ల క్రొత్త సంవత్సరారంభమున దానిని ఆచరించుచున్నవి. ఆ ఆరాధన క్రొత్త దేవుని సంపాదింపదు. నోటు తిరుగ వ్రాయించుకొనుటకు ఋణదాతయే మన యింటికి వచ్చుచుండును గదా. ఇక్కడకూడ తలుపు తట్టువాడు ఆయనే.

ఆ సహోదరుని సంగతి ముగింపవలసియున్నది. మరునాడు నేనతనికి తీర్పు చెప్పలేదు. "నాయనా, నీవు సంతకము పెట్టవలెనో వద్దో నేను చెప్పను. ముందు ఆమె యింటికి వెళ్లి కూర్చుండి రమ్ము" అని మాత్రము చెప్పితిని. అతడు మూడు దినములు వెళ్లలేదు. నాలుగవ దినమున భార్యను వెంటబెట్టుకొని వెళ్లెను. ఆ విధవరాలు వడ్డీ వద్దనెను. అసలు ఇచ్చినప్పుడు పుచ్చుకొందుననెను. అతడు తన స్థితి దాచక చెప్పి, పంట పంటకు 5,000 రూపాయలచొప్పున తీర్చెదనని వ్రాసి సంతకము చేసెను. వకీలు విన్నయెడల నవ్వియుండును. ఒక యేడు తుపానుకు పైరంతయు పోయెను. ఆ యేడు అతడు 500 రూపాయలు పట్టుకొని ఆమె గుమ్మములో నిలిచి, ఇంతకంటె లేదని చెప్పెను. నేను ఆ సంఘమునుండి బదిలీయై వచ్చునప్పటికి ఇంకను 18,000 రూపాయలు మిగిలియుండెను. అయితే బల్లారాధనలో ఆ యిద్దరును ఒకే వరుసలో మోకరించుటను నేను చూచితిని. అంతకుముందు మూడేండ్లు అతడు వెనుక తలుపుదగ్గర కూర్చుండి, ఆశీర్వచనమునకు ముందే లేచిపోవుచుండెడివాడు.

అతడు నా అరుగుమీద కూర్చుండిన రాత్రి నాకు నిద్ర ఎందుకు పట్టలేదో ఇప్పుడు చెప్పవలెను. ఆ ఊరికి మూడు మైళ్ల దూరమున ఒక చిన్న పేట కలదు. అక్కడ నాలుగు క్రైస్తవ కుటుంబములుండెను. నేను ఆ సంఘమునకు వచ్చిన మొదటి నెలలో, నెలకొకసారి తప్పక వచ్చి మీతో ప్రార్థించెదనని వారికి మాట ఇచ్చితిని. మొదటి యేడు వెళ్లితిని. తరువాత వాగు పొంగినదనియు, కమిటీలున్నవనియు, ఒంట్లో బాగులేదనియు మానితిని. వారు అడుగుట మానిరి. నా నోటుకును కాలము చెల్లియుండెను. ఆ వారములోనే నేను ఆ పేటకు నడిచి వెళ్లితిని. ఒక ముసలమ్మ నన్ను చూచి, "అయ్యగారూ, దారి మరిచారేమో అనుకున్నాం" అని మాత్రము అని, కూర్చుండుటకు మంచము వాల్చెను. లెక్క అడుగలేదు. నాకు యాకోబు జ్ఞాపకమునకు వచ్చెను.

చదువరీ, ఈ పత్రికను ప్రక్కను పెట్టి నీ అర వెదకుము. మనుష్యులకు నీవిచ్చిన మాట ఏదైన కాలము చెల్లి పడియున్నదా? తీర్చు శక్తి యున్నయెడల తీర్చుము. లేనియెడల వెళ్లి ముఖము చూపుము. నీకు ఇతరులు అచ్చియున్న నోటు ఏదైన నీ పెట్టెలో నున్నదా? దానిని చేతపట్టుకొని సిలువను ఒకమారు చూడుము. దేవునికిచ్చిన మాట ఏదైన మరచితివా? బాకీగా ఎంచి వణకవద్దు, బాకీ తీరిపోయినది. బేతేలు దూరములో లేదు. లేచి వెళ్లుము.

క్షమించినవాడు నిలువబెట్టుటకును శక్తిగలవాడు. ఆయన మనలనందరిని తన మాటయందు నిలిపి, మన మాటయందును నిలుపును గాక. ఆమేన్.